స్టీరింగ్ కుడి పక్కన ఉన్నవాళ్ళం

మొన్న శనివారం పొద్దున ఒకాయన మా కౌంటర్ దగ్గరికొచ్చి, పాత గుడ్డలో చుట్టుకొచ్చిన ప్లాస్టిక్ ముక్కొకటి నా ముందు పెట్టాడు. అరచేతిలో ఇమిడే స్విచ్‌ల దిమ్మె. కారు అద్దాలు ఎక్కించి దించే బటన్లు. అందులో ఒకటి లోపలికి కుంగిపోయి పైకి రావట్లేదు. "ఇది దొరుకుతుందా?" అన్నాడు. ఆయన బండి పేరు చెప్పేలోపే నేను చెప్పేశాను: ఆస్ట్రేలియా కంపెనీ హోల్డెన్ చేసిన కమొడోర్ కారు, వి.ఇ. మోడల్, 2006కీ 2013కీ మధ్య బండి. అద్దాల స్విచ్‌లు తలుపు మీద కాకుండా రెండు సీట్ల మధ్య, గేరు పక్కన ఉంటాయి దానికి. పైగా నేనూ ఆ బండే ఆరేళ్ళు నడిపాను. నడపడం మొదలుపెట్టిన వారం రోజులూ, టోకెన్ తీసుకోవాల్సిన పార్కింగ్ గేటు దగ్గరల్లా తలుపు తడుముకునేవాణ్ణి.

అవి మధ్యలో ఎందుకున్నాయో తెలిశాక ఆ బండి మీద నాకు గౌరవం పెరిగింది. వి.ఇ. కమొడోర్‌ని గీసింది ఆస్ట్రేలియా ఇంజనీర్లు. ఇక్కడ మనలాగే స్టీరింగ్ కుడి పక్క. కానీ అదే బండిని అమెరికాకీ, గల్ఫ్ దేశాలకీ కూడా పంపాలి, అక్కడ ఎడమ పక్క. అందుకని కాగితం మీద మొదటి గీత గీసేటప్పుడే రెండు పక్కల వాళ్ళనీ మనసులో పెట్టుకున్నారు. స్విచ్‌లు మధ్యలో ఉంటే డ్రైవరు ఎటు కూర్చున్నా చెయ్యి అందుతుంది. హ్యాండ్‌బ్రేక్ కూడా మామూలు కర్రలా పైకి పొడుచుకుని ఉండదు, మధ్య దిమ్మె అంచులో కలిసిపోయి ఉంటుంది. ఎటు నుంచి చూసినా ఆ దిమ్మె దాదాపు ఒకలాగే ఉంటుంది. ఆ బండే 2008, 2009 సంవత్సరాల్లో పోంటియాక్ జి8 అన్న పేరుతో అమెరికాలో అమ్ముడుపోయింది. దాని తర్వాతి మోడల్ షెవర్లే ఎస్.ఎస్. పేరుతో 2017 దాకా వెళ్ళింది. అన్నీ మా షాపుకి పది, పదిహేను నిమిషాల దూరంలో ఉన్న ఎలిజబెత్ ఫ్యాక్టరీలో తయారైనవే.

కుడి పక్కన కూర్చుని నడిపేవాళ్ళు ఎడమ పక్కన కూర్చునేవాళ్ళ కోసం అంత శ్రద్ధగా ఆలోచించి బండి చేసి పంపారు. అటు నుంచి ఇటు, అంటే హోల్డెన్ యజమాని అయిన అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ నుంచి మన వైపుకి, ఆ శ్రద్ధ ఎందుకు రాలేదన్నది పదిహేనేళ్ళుగా నా మనసులో ఉన్న బాధ. ఇవాళ అదే రాస్తున్నాను.

నేను విజయవాడవాణ్ణి. నాన్న ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాడు. 2009లో చదువుకోడానికి అడిలైడ్ వచ్చాను. చదువుతూ రాత్రిళ్ళు ట్యాక్సీ నడిపాను. ఇప్పుడు ఊరికి ఉత్తరాన, సాలిస్‌బరీలో ఓ పార్ట్స్ షాపు కౌంటర్లో పని. నాన్న చేసిన పనే, సముద్రానికి ఇవతలి ఒడ్డున. రోజూ నా కంప్యూటర్లో పార్ట్ నంబర్లు వెతుకుతాను. ప్రతి పార్టు పక్కనా చిన్న అక్షరాల్లో ఓ మాట ఉంటుంది: రైట్ హ్యాండ్ డ్రైవ్‌కా, లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్‌కా అని. ఆ మాట చూసుకోకుండా ఆర్డర్ పెడితే వచ్చిన సామాను వెనక్కి పంపాల్సిందే. అందుకే స్టీరింగ్ అటు నుంచి ఇటు మారితే ఎన్ని మారతాయో ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలిసినట్టు బయటివాళ్ళకి తెలియదు.

చాలామంది చక్రం ఒక్కటి ఇటు జరిపితే సరిపోతుందనుకుంటారు. చక్రం కింద రాడ్డు ఇంజను పక్క నుంచి దిగాలి. అక్కడ ఎగ్జాస్ట్ గొట్టమో టర్బోనో అడ్డం ఉంటే దానికి దారి వెతకాలి. స్టీరింగ్ రాక్ మారుతుంది. ఇంజనుకీ మనుషులకీ మధ్య ఉండే రేకు గోడకి చిల్లులు కొత్త చోట పడాలి. పెడల్స్, బ్రేక్ బూస్టర్, డ్యాష్‌బోర్డు మొత్తం, దాని వెనక ఏసీ డబ్బా, వైరింగ్ కిట్టు, ఎయిర్‌బ్యాగులు అన్నీ మారతాయి. హెడ్‌లైట్ డిప్ కొట్టినప్పుడు వెలుగు మన దేశాల్లో ఎడమకి వాలాలి, ఎదుటివాడి కళ్ళలో పడకూడదు. వైపర్లు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడాలి. ఇవన్నీ అయ్యాక గోడకి గుద్ది చూసే పరీక్షలు మళ్ళీ చెయ్యాలి. డిజైన్ రోజునే రెండు పక్కలకీ చోటు వదిలితే ఈ ఖర్చు భరించగలిగేదే. బండంతా తయారయ్యాక "ఇప్పుడు దీన్ని తిప్పుదాం" అంటే మాత్రం తడిసి మోపెడవుతుంది.

ఇంట్లో ఇప్పుడున్న బండి యూరప్‌లో పుట్టింది. కంపెనీ పేరు అనవసరం. మా ఆవిడ వాన రోజున దాన్ని నడిపి ఇంటికొచ్చిందంటే ముందు అద్దం గురించే చెబుతుంది. వైపర్లు ఎడమ స్టీరింగ్ బండికి ఎలా అమర్చారో అలాగే వదిలేశారు. పైన కుడి మూల త్రికోణంలా ఓ ముక్క ఎప్పుడూ తుడుచుకోదు. ఎడమ పక్కన కూర్చునేవాడికైతే అది కంటికి దూరంగా ఉండేది. మాకు సరిగ్గా డ్రైవరు చూపు పోయే చోట నీళ్ళు కారుతూ ఉంటాయి. గ్లవ్‌బాక్స్ తెరిస్తే సగం చోటు ఫ్యూజుల పెట్టెదే, ఓ నోటుపుస్తకం అడ్డంగా పట్టదు. బానెట్ తెరిచే పిడి పక్క సీటువాళ్ళ కాళ్ళ దగ్గర ఉంటుంది. ఆయిల్ చూడాలంటే ఇటు దిగి అటు తిరిగి వెళ్ళాలి. ఒక్కొక్కటి చూస్తే చిన్నవే. కానీ ఆ బండిలో కూర్చున్నప్పుడల్లా ఇది మన కోసం చేసింది కాదని, మనకి తర్వాత సర్దింది అని తెలుస్తూనే ఉంటుంది. చుట్టాలింటికి పెళ్ళికెళ్తే బంతి లేచాక వడ్డించినట్టు.

2020 ఫిబ్రవరి 17, సోమవారం. జనరల్ మోటార్స్ కంపెనీ హోల్డెన్ పేరునే ఎత్తేస్తున్నామని ప్రకటించిన రోజు. షాపులో రేడియో పెట్టుకుని పని ఆపేసి నిలబడ్డాం. అదే రోజు థాయ్‌లాండ్ నుంచి కూడా వెళ్ళిపోతున్నామనీ, రయోంగ్‌లోని ఫ్యాక్టరీని చైనా కంపెనీ గ్రేట్ వాల్‌కి అమ్ముతున్నామనీ చెప్పారు. సాయంత్రం నాన్న ఫోన్.

"ఏరా, మీ హోల్డెన్ కూడా పోయిందంటగా?"

"పోయింది నాన్నా."

"ఇక్కడ షెవర్లేని ఎత్తేసినవాళ్ళేగా వాళ్ళు?"

వాళ్ళే. హోల్డెన్ అంటే ఇక్కడివాళ్ళకి ఏమిటో మనకి చెప్పాలంటే అంబాసిడర్ గుర్తు చేసుకోవాలి. 1856లో ఇదే అడిలైడ్‌లో గుర్రపు జీన్లు కుట్టే దుకాణంగా మొదలైంది. 1931లో జనరల్ మోటార్స్ చేతికి వెళ్ళింది. 1948 నవంబరులో ప్రధానమంత్రి బెన్ చిఫ్లీ చేతుల మీదుగా మొదటి హోల్డెన్ కారు బయటికొచ్చింది. ఆ తర్వాత రెండు మూడు తరాలు అందులోనే పెళ్ళిళ్ళకీ, బీచికీ, పొలాలకీ తిరిగాయి. అలాంటి పేరుని ఎందుకు తీసేస్తున్నారన్నదానికి కంపెనీవాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి చెవిన పడగానే నాకు గుచ్చుకుంది. కుడి స్టీరింగ్ మార్కెట్లు బాగా ముక్కలు ముక్కలుగా ఉన్నాయట. వాటి మీద పెట్టే పెట్టుబడికి తగ్గ రాబడి రాదట.

ఇక్కడ ఒక విషయం విడదీసి చెప్పాలి, చాలామంది రెండూ కలిపేస్తారు. ఎలిజబెత్ ఫ్యాక్టరీ మూతపడింది 2017 అక్టోబరు 20న. మా పక్కింటి పెద్దాయన అక్కడ తలుపులు బిగించే లైన్‌లో ఇరవయ్యేడేళ్ళు చేశాడు. ఆ రోజు చివరి ఎర్ర కమొడోర్ లైన్ దిగాక, ఖాళీ లంచ్ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చి, గేటు తీయకుండా చాలాసేపు బయటే నిలబడ్డాడు. ఆ మూతకి స్టీరింగ్ కారణం కాదు. చిన్న దేశం, ఎక్కువ జీతాలు, తగ్గిపోయిన దిగుమతి సుంకాలు, బలమైన ఆస్ట్రేలియా డాలరు, ఆగిపోయిన ప్రభుత్వ సాయం. ఫోర్డ్ ఫ్యాక్టరీ దానికి ఏడాది ముందే మూసేసింది. టొయోటా అదే నెల మొదట్లో మూసేసింది. కానీ ఫ్యాక్టరీ మూసిన టొయోటా ఇవాళ్టికీ ఆస్ట్రేలియాలో అందరికన్నా ఎక్కువ కార్లు అమ్ముతోంది. ఎందుకంటే దాని పుట్టిల్లు జపాన్, అక్కడ స్టీరింగ్ కుడి పక్క. జపాన్‌లో కాకపోతే థాయ్‌లాండ్‌లో చేస్తుంది, అక్కడా కుడి పక్కే. మా ఊరి రైతులు నడిపే హైలక్స్ థాయ్‌లాండ్ నుంచి ఓడెక్కి వస్తుంది. ఫ్యాక్టరీ పోయినా హోల్డెన్‌కి బతికే దారి అలాగే ఉండాల్సింది. అమ్మడానికి కుడి స్టీరింగ్ బండి తెప్పించుకునే చోటు లేకపోవడం వల్లే పోయింది.

ఆ చోట్లన్నీ ఏమయ్యాయో వరసగా చూస్తే కడుపు తరుక్కుపోతుంది. జనరల్ మోటార్స్‌కి కుడి స్టీరింగ్ పని తెలిసిన చుట్టాలు ఒకప్పుడు బోలెడుమంది. ఇసుజులో 1971లో వాటా కొన్నారు. సుజుకిలో 1981లో కొన్నారు. సుబారు కంపెనీలో అయిదో వంతు వాటా ఉండేది. ఇంగ్లండ్‌లో వాక్స్‌హాల్ 1925 నుంచి వాళ్ళదే. జర్మనీలోని ఓపెల్ కూడా వాళ్ళదే, ఓపెల్ గీసిన కార్లకే కుడి స్టీరింగ్ పెట్టి వాక్స్‌హాల్ పేరుతో అమ్మేవారు. తర్వాత డబ్బుకి కటకట వచ్చింది. 2005లో సుబారు వాటా అమ్మారు. 2006లో ఇసుజు వాటా అమ్మారు. సుజుకి వాటాలో చాలా భాగం అదే ఏడాది, మిగిలిన 3 శాతం 2008లో అమ్మేశారు. మన దేశంలో మారుతి అంటే సుజుకి. ఆ సుజుకిలో 20 శాతం వాటా చేతిలో ఉన్న కంపెనీ దాన్ని వదులుకుంది. 2009 జూన్ 1న దివాలా పిటిషన్ వేసింది. ఇల్లు కాలుతుంటే బంగారం అమ్మినవాణ్ణి తప్పుపట్టలేం. అప్పటి అమ్మకాల్ని నేను తప్పుపట్టను.

2017 నాటికి పరిస్థితి వేరు. కంపెనీ కోలుకుంది, లాభాల్లో ఉంది. 2014 జనవరి నుంచి మేరీ బారా అధిపతి. లాభం రాని చోట ఉండం అన్నది ఆవిడ విధానం. 2017 మార్చిలో ఓపెల్, వాక్స్‌హాల్ రెండింటినీ ఫ్రాన్స్ కంపెనీ పి.ఎస్.ఏ.కి అమ్ముతున్నామన్నారు. మే 18న, ఒకే రోజు, ఇండియాలో అమ్మకాలు ఆ ఏడాది చివరికి ఆపేస్తున్నామనీ, దక్షిణాఫ్రికా వ్యాపారం ఇసుజుకి ఇచ్చేస్తున్నామనీ చెప్పారు. కెన్యాలో తమ వాటా కూడా ఇసుజుకే అమ్మారు. ఇండోనేషియాలో బెకాసి ఫ్యాక్టరీ 2015లోనే మూసేశారు. ఆ దేశాల పేర్లు ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లండ్, ఇండియా, దక్షిణాఫ్రికా, కెన్యా, ఇండోనేషియా, థాయ్‌లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. అన్ని చోట్లా స్టీరింగ్ కుడి పక్కే.

హోల్డెన్ మాటకొస్తే, ఎలిజబెత్ మూతపడ్డాక కమొడోర్ పేరు పెట్టి 2018 నుంచి అమ్మిన కారు నిజానికి జర్మనీలో తయారైన ఓపెల్ బండి. ఆ కారు ఇక్కడ షోరూముల్లోకి వచ్చేసరికే ఓపెల్ ఇంకొకరిది అయిపోయింది. తమ పేరు పెట్టుకున్న బండిని పోటీ కంపెనీ దగ్గర కొనుక్కుని అమ్మాల్సిన స్థితి. అలా ఎన్నాళ్ళు నడుస్తుంది? 2019లో హోల్డెన్ అమ్మకాలు 43 వేలు మాత్రమే.

మన వైపు సంగతి. నాన్నకి షెవర్లే అంటే తవేరా. ట్రావెల్స్ వాళ్ళ దగ్గర అద్దెకి తీసుకుని మా చుట్టాలందరం రెండుసార్లు శ్రీశైలం వెళ్ళాం, ఘాట్ రోడ్డు మీద పదిమందితో ఎక్కిన బండి. ఆటోనగర్‌లో దాని సామాను గురించి నాన్న ఒక మాట అనేవాడు: "పేరు అమెరికావాళ్ళది, ఎముకలు ఇసుజువిరా." నిజమే, తవేరా అసలు రూపం ఇసుజు పాంథర్. చుట్టం చేసిపెట్టిన కుడి స్టీరింగ్ బండి అది. గుజరాత్‌లో హలోల్, పుణె దగ్గర తలేగావ్, రెండు ఫ్యాక్టరీలు ఉండేవి. ఇండియాలో వాళ్ళ వాటా చివరికి ఒక శాతం లోపుకి పడిపోయింది. 2016-17లో దేశంలో అమ్మింది దాదాపు 26 వేల కార్లు, బయటికి పంపింది దాదాపు 71 వేలు. దేశంలో అమ్మకాలు ఆపేశాక కూడా తలేగావ్ 2020 డిసెంబరు దాకా నడిచింది. అక్కడ చేసిన బీట్ కార్లు మెక్సికో వెళ్ళేవి, ఎడమ పక్క స్టీరింగుతో. మరాఠీ కుర్రాళ్ళు తమ ఊళ్ళో ఎవరూ కొనలేని బండ్లు మూడేళ్ళు బిగించి ఓడెక్కించారు.

ముక్కలు ముక్కలుగా ఉన్నాయన్న మాటలో నిజం లేకపోలేదు. మన దగ్గర నాలుగు మీటర్ల లోపు కారుకి పన్ను తక్కువ, జనం అవే కొంటారు. ఆస్ట్రేలియాలో పికప్ కావాలి. జపాన్‌లో బుల్లి కారు కావాలి. ఒక బండితో అందరినీ తృప్తిపరచలేం. అమెరికా, చైనా అలా కాదు, ఒక్కొక్కటీ ఒకే పెద్ద పళ్ళెం. 2017లో చైనాలోనే జనరల్ మోటార్స్, దాని భాగస్వాములు కలిసి 40 లక్షలకు పైగా అమ్మారు. లెక్కలు వేసేవాడికి అటే చూపు పోతుంది. కానీ ప్రపంచ జనాభాలో దాదాపు మూడో వంతు, బండ్లు రోడ్డుకి ఎడమ పక్కన నడిచే, అంటే స్టీరింగ్ కుడి పక్కన ఉండే దేశాల్లో ఉంది. ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఇండోనేషియా నాలుగూ కలిపితేనే ఎంతమంది! 2022లో ఇండియా జపాన్‌ని దాటి ప్రపంచంలో మూడో పెద్ద కార్ల మార్కెట్ అయింది. వాళ్ళు వెళ్ళిన అయిదేళ్ళకి.

వాళ్ళ లెక్క ఎందుకు తప్పంటానో చెప్పడానికి నాకు ఆర్థికశాస్త్రం అక్కర్లేదు, వాళ్ళు ఖాళీ చేసిన ఇళ్ళల్లోకి ఎవరొచ్చారో చూస్తే చాలు. హలోల్ ఫ్యాక్టరీ చైనా కంపెనీ ఎస్.ఏ.ఐ.సి. తీసుకుంది, ఎం.జి. పేరుతో కార్లు చేస్తోంది. ఎస్.ఏ.ఐ.సి. ఎవరో కాదు, చైనాలో జనరల్ మోటార్స్‌కి భాగస్వామి. తలేగావ్ ఫ్యాక్టరీ హ్యుందాయ్ తీసుకుంది, 2024 జనవరిలో ఆ కొనుగోలు పూర్తయింది. రయోంగ్ గ్రేట్ వాల్‌కి, దక్షిణాఫ్రికా ఇసుజుకి. ఎవరూ ఆ షెడ్లని గోడౌన్లుగా మార్చడానికి కొనలేదు. కుడి స్టీరింగ్ కార్లు చెయ్యడానికే కొన్నారు. హోల్డెన్ వదిలిన ఆస్ట్రేలియాలో ఎం.జి. 2023లో 58 వేలకు పైగా అమ్మింది, హోల్డెన్ ఆఖరి పూర్తి ఏడాది అమ్మకాల కంటే ఎక్కువ. మా షాపులో హోల్డెన్ ఫిల్టర్లుండే అరలో ఇప్పుడు ఎం.జి. ఫిల్టర్లు పెట్టాం. వాళ్ళు అంతగా నమ్ముకున్న చైనాలో 2024 చివర్లో జనరల్ మోటార్స్ 500 కోట్ల డాలర్లకు పైగా నష్టం రాసుకోవాల్సి వచ్చింది. ఆ వార్త చదివి నాకు సంతోషమేమీ కలగలేదు. అక్కడా నా పక్కింటి పెద్దాయనలాంటి వాళ్ళు ఉంటారు.

స్టీరింగ్ తిప్పినంత మాత్రాన జనం ఎగబడతారనీ అనను. 1990లలో అమెరికా, జపాన్ మధ్య కార్ల గొడవ ముదిరినప్పుడు, జనరల్ మోటార్స్ షెవర్లే కవలియర్‌ని కుడి స్టీరింగుతో ఒహాయోలో తయారు చేసింది, టొయోటా తన పేరు పెట్టుకుని తన షోరూముల్లోనే జపాన్‌లో అమ్మింది. ఏడాదికి 20 వేలు అమ్మాలనుకున్నారు, ఆ అంకె దగ్గరికి కూడా పోలేక 2000లో ఆపేశారు. జపానువాళ్ళ ఇరుకు సందులకీ, వాళ్ళ అలవాట్లకీ అది సరిపోలేదు. ఆ దెబ్బతో జనరల్ మోటార్స్ ఊరు డెట్రాయిట్ నేర్చుకున్న పాఠం "కుడి పక్క దండగ" అని అయితే, అది తప్పు పాఠం. సగం దూరం వచ్చి ఆగితే ఊరు చేరం. ఇంకో సంగతి: కార్వెట్ స్పోర్ట్స్ కారుకి అరవై ఏడేళ్ళ చరిత్రలో మొదటిసారి, 2020 మోడల్ నుంచి ఫ్యాక్టరీలోనే కుడి స్టీరింగ్ వేసే ఏర్పాటు చేశారు. అంటే చెయ్యగలరు. ఖరీదైన రెండు సీట్ల కారుకి ఆ ఓపిక చూపించినవాళ్ళు, పిల్లల్ని బడికి దింపే కారుకి చూపించలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

నేను ఇక్కడికొచ్చిన 2009లోనే, సెప్టెంబరు 7న, సమోవా అనే చిన్న పసిఫిక్ దేశం రోడ్డుకి కుడి పక్కన బండ్లు నడపడం మానేసి, మనలాగే రోడ్డుకి ఎడమ పక్కకి మారింది. అక్కడి జనంలో చాలామందికి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అన్నదమ్ములున్నారు, వాళ్ళు పంపే పాత కార్లు ఇంట్లో వాడుకోవచ్చని. మా దగ్గరికి వచ్చే సమోవా ఆయన ఒకాయన ఇప్పటికీ బ్రేక్ ప్యాడ్లూ, బెల్టులూ కొని పెట్టెకెత్తి తమ్ముడికి పంపుతుంటాడు. ఒక దేశం దేశమంతా రోడ్డు పక్క మార్చుకుంది, చుట్టాల కారు నడుపుకోడానికి. పెద్ద కంపెనీ డ్యాష్‌బోర్డు మార్చలేనంది.

2017 మే 18 తేదీ నాకు మర్చిపోలేకుండా గుర్తుండిపోవడానికి ఇంకో కారణం ఉంది. దానికి మూడు వారాల ముందే, ఏప్రిల్ చివర్లో, కియా కంపెనీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది, పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ పెడతామని. కియా పుట్టింది కొరియాలో. అక్కడా అమెరికాలాగే స్టీరింగ్ ఎడమ పక్కే. డెట్రాయిట్‌కి ఎంత కష్టమో కొరియా రాజధాని సియోల్‌కీ అంతే కష్టం. అయినా వచ్చారు. వేరుశెనగ తప్ప ఇంకేం పండదనుకున్న ఆ ఎర్ర నేల మీద నుంచి 2019 ఆగస్టులో సెల్టోస్ అమ్మకానికి వచ్చింది. మా చిన్నక్కని హిందూపురం ఇచ్చాం. దాని కొడుకు డిప్లొమా చేసి ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే లైన్ మీద పని చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి ఫోన్లో అడిగాను, కుడి పక్కవీ ఎడమ పక్కవీ వేరే వేరే షెడ్లలో చేస్తారా అని.

"ఒకే లైన్ మామా. ముందు పోయే బండికి స్టీరింగ్ కుడికి ఉంటాది, దాని ఎనకాల వచ్చేదానికి ఎడమకి. ఏ బండికి ఏదో స్క్రీన్ మీద కనపడతాది. మేం చూసుకోని బిగించేదే."

"తికమక పడరా?"

"మొదట్లో పడ్నా. ఇప్పుడు చెయ్యే పోతాది మామా."

వాడు అదేదో మామూలు విషయంలా చెప్పి, పండక్కి ఏం పిండివంటలు చేశారో చెప్పుకుంటూ పోయాడు. నేను మాత్రం ఆ రాత్రి చాలాసేపు అదే ఆలోచించాను. మా పక్కింటి పెద్దాయన కూడా ఎలిజబెత్‌లో సరిగ్గా ఇలాగే చెప్పేవాడు, జి8 బండ్లు అమెరికాకి వెళ్ళే రోజుల్లో. ఒకటి కుడి, దాని వెనక ఒకటి ఎడమ.

జనరల్ మోటార్స్ మళ్ళీ ఇటు వస్తోంది. కాడిలాక్ లిరిక్ అనే కరెంటు కారుకి ఫ్యాక్టరీలోనే కుడి స్టీరింగ్ వేసి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకి తెచ్చారు. సిడ్నీ వెళ్ళినప్పుడు ఒకసారి ఎక్కి కూర్చున్నాను. ముందు వైపర్లు ఎటు తిరుగుతాయో చూశాను, అలవాటు కొద్దీ. తర్వాత గ్లవ్‌బాక్స్ తెరిచాను. ఆ సాయంత్రం నాన్నకి చెప్పాను, అమెరికావాళ్ళు మళ్ళీ మన పక్క స్టీరింగ్ పెట్టుకుని వచ్చారని. ఆయనకిప్పుడు డెబ్బై నాలుగు, చెవి కాస్త మందం. రెండుసార్లు చెప్పాక అర్థమైంది.

"బండి బానే ఉందా?"

"బానే ఉంది నాన్నా. శుభ్రంగా చేశారు."

"హోల్డెన్ సామాను ఎన్నాళ్ళిస్తామన్నార్రా, పోయేటప్పుడు?"

"కనీసం పదేళ్ళన్నారు. 2030 దాకా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది.

"మరి ఈ కొత్తదానికి ఎన్నేళ్ళిస్తారంట?"

అడిగి చెప్తాలే నాన్నా అన్నాను.